అత్తగారి పేరు మీద ఓపీ చీటీ ఉంది. నా పేరు మీద ఇంకోటి రాయించుకోవాలా?

గోదారిగట్టు_కోడలు | జూలై 9, రాత్రి 2:14

అందరూ పడుకున్నాక రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది రాజమండ్రి. అత్తగారికి 78 ఏళ్ళు, అల్జీమర్స్ అని తేలి నాలుగేళ్ళయింది. సాయంత్రం నాలుగున్నర దాటితే చాలు, రెండు చీరలు మూటగట్టుకుని గుమ్మంలో నిలబడి "మా ఇంటికి దింపమ్మా, చీకటి పడుతోంది, నాన్న కోప్పడతాడు" అంటారు. ఆ నాన్నగారు పోయి యాభై ఏళ్ళు. గాజులు తనే బియ్యం డబ్బాలో దాచి, నేను కాజేశానని పనమ్మాయికి చెబుతారు. ఇవన్నీ అలవాటైపోయాయి.

మే నెలాఖరున కాకినాడలో న్యూరో డాక్టరుగారికి చూపించడానికి వెళ్ళాం. డాక్టరుగారు అత్తగారికి మందులు రాసేసి, నావైపు తిరిగి "మీరు నిద్రపోతున్నారా అమ్మా?" అన్నారు. ఆ, బానే పడుకుంటున్నానండీ అన్నాను. ఆయనేం మాట్లాడలేదు. చిన్న కాగితం మీద "సైకియాట్రీ ఓపీ" అని రాసి చేతిలో పెట్టారు. కారెక్కాక మావారు చూసి "జబ్బు అమ్మకైతే నీకు రాశాడేంటి?" అన్నారు. నేనూ నవ్వేశాను. ఆ కాగితం నలభై రోజులుగా క్యాలెండర్ వెనక ఉంది.

పోయిన శనివారం రాత్రి అత్తగారు పక్క తడిపేసుకుంటే మారుస్తున్నాను. గోళ్ళతో నా మోచెయ్యి గీరేశారు. నేను ఆవిడ మణికట్టు పట్టుకుని మెలిపెట్టాను. పొద్దున్నకి రెండు వేళ్ళ గుర్తులు కమిలిపోయి ఉన్నాయి. ఆవిడకేం గుర్తు లేదు. కొబ్బరినూనె రాస్తుంటే "మా అమ్మవి నువ్వు" అన్నారు.

ఇలాంటివాళ్ళని చూసుకుంటూ, తమ కోసం సైకియాట్రిస్టు దగ్గరికో కౌన్సెలింగుకో వెళ్ళినవాళ్ళు ఇక్కడ ఉన్నారా? వెళ్తే ఏం చేశారు? వెళ్ళకపోతే ఎందుకు వెళ్ళలేదు? సలహాలు కాదండీ, మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పండి.

నల్గొండ_శీను | జూలై 9, ఉదయం 6:05

అక్కా, నేను పోలే.

మా నాయిన ఆర్టీసీల కండక్టర్ చేసి రిటైరైండు. మూడేండ్ల సంది ఇట్లనే. రెండుసార్లు ఇంట్లకెళ్లి పోయి బస్టాండ్ల దొరికిండు, ఆగి ఉన్న బస్సుల ఎక్కి టికెట్ టికెట్ అంటున్నడట. డ్రైవర్ పాతాయన, గుర్తువట్టి ఫోన్ కొట్టిండు.

నేను పోతే నాయిన దగ్గర ఎవలుంటరు? నా భార్య స్కూల్ల టీచరు, ఎనిమిదింటికే పోతది. ఓపీ ఏమో పొద్దుగాల తొమ్మిది నుంచి పన్నెండు దాంక. గప్పుడే నాయినకు తానం, టిఫిను, బాత్రూం. మూడు గంటలు లైన్ల నిలవడేంత తీరిక దొరికితే నాకు డాక్టర్ ఎందుకు, గా మూడు గంటలు పండుకుంట గద.

ఇంకోటి, మా దిక్కు ఎర్రగడ్డ అన్నది ఇప్పటికీ తిట్టే. "వీన్ని ఎర్రగడ్డకు తోలుండ్రి" అంటరు. నేను పిచ్చి డాక్టర్ దగ్గరికి పోయిన్నని మా బావమరిదికి తెలిస్తే ఇగ ఊరంతా మైకుల చెప్తడు.

నా మందు రాత్రి తొమ్మిదింటికి, క్వార్టర్. అబద్ధమెందుకు.

సీమపిల్ల | జూలై 9, ఉదయం 9:40

నేను పోయినాను. ఎవరూ పోవద్దని చెప్పడానికే రాస్తాండా.

మా అమ్మకు ఐదేండ్లుగా ఉంది. పోయిన సంవత్సరం ఒక ప్రైవేటు క్లినిక్కుకు పోతి. ఎనిమిది వందలు ఫీజు, గంటన్నర కూర్చోబెట్టిరి. లోపలికి పోయినాక ఆయప్ప "ఏం సమస్య?" అన్యాడు. నిద్ర లేదు సార్, ఏడుపొస్తాంది అంటి. అంతే, మాత్రలు రాసిచ్చినాడు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. అమ్మ గురించి ఒక్క మాట అడగలే.

మాత్ర వేసుకుంటే మొద్దు నిద్ర. రెండో రాత్రి అమ్మ లేచి వంటింట్లోకి పోయి గ్యాసు నాబ్ తిప్పేసినాది, వెలిగించలే. వాసనకు మా పక్కింటోళ్ళు తలుపు బాదితే లేచినా. ఆ మాత్రలు అట్లే చెత్తబుట్టలోకి పోయినాయి. నేను నిద్రపోతే ఆమెను పట్టుకునేదెవరప్పా? నాకు నిద్ర లేకపోవడం జబ్బు కాదు, డ్యూటీ.

మాస్టారు_తెనాలి | జూలై 9, సాయంత్రం 5:20

అమ్మా, నాకు 74. మా ఆవిడకు 70. పెళ్ళయి నలభై తొమ్మిదేళ్ళు. ఆమె నన్ను "మాస్టారూ" అని పిలుస్తోంది ఇప్పుడు, మా స్కూల్లో పిల్లలు పిలిచినట్టు. భర్తనని తెలియదు, మర్యాద మాత్రం ఉంది.

నేను చాలాకాలం వెళ్ళలేదు. సిగ్గుపడి కాదు. ఆ బోర్డుల మీద "కేర్‌గివర్" అని రాస్తారే, అది నన్ను ఉద్దేశించి రాశారని తట్టలేదు. నేను మొగుణ్ణి. మీరు కోడలు. శీను కొడుకు. మన భాషలో ఈ పనికి విడిగా పేరే లేదు చూడండి. సంరక్షకుడు అంటే మైనరు పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేవాడు. పేరు లేని ఉద్యోగానికి సెలవు ఎవరిస్తారు?

చివరికి నేను చేసింది ఫోను. 14416, టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ళు మాట్లాడుకోవడానికి పెట్టిన ఫోను నంబరు. కేంద్ర ప్రభుత్వం వాళ్ళు 2022 అక్టోబరులో మొదలుపెట్టారు, డబ్బులు తీసుకోరు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మా మనవడు గోడ మీద ఆ నంబరు పెన్సిల్‌తో రాసి వెళ్ళాడు. రెండు నెలలు చూస్తూ తిరిగాను. ఒక రాత్రి ఆవిడ పడుకున్నాక మేడ మీదికెళ్ళి, వాటర్ ట్యాంకు పక్కన నిలబడి చేశాను.

ఎవరో అమ్మాయి ఎత్తింది, మా పెద్దమనవరాలి వయసుంటుంది గొంతు చూస్తే. "ఎవరి గురించి మాట్లాడాలనుకుంటున్నారు సార్?" అంది. మా ఆవిడ గురించి అన్నాను. పది నిమిషాలు ఆవిడ మతిమరుపు గురించే చెప్పాను, న్యూరో డాక్టరుకి చెప్పినట్టు తేదీలతో సహా. అంతా విని, "మీరు ఈరోజు భోంచేశారా?" అంది. లేదు. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

తర్వాత మళ్ళీ మూడుసార్లు చేశాను. ప్రతిసారీ అదే అమ్మాయి దొరకదు, అది లోటే. మొదటి నుంచి మళ్ళీ చెప్పుకోవాలి.

సోషల్‌వర్కర్_హైద్ | జూలై 9, రాత్రి 10:48

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్ని, పదకొండేళ్ళుగా ఇదే పని. మీరంతా చెప్పినవి మా వైపు నుంచి చూస్తే ఎలా ఉంటాయో రాస్తాను. కాస్త పొడుగవుతుంది.

ముందు గోదారిగట్టు గారికి. మణికట్టు సంగతి బయటికి చెప్పడం తేలిక కాదు. చాలామంది ఇది చెప్పరు, చెబితే ముసలివాళ్ళని హింసించేవాళ్ళ లెక్కలో వేస్తారని భయం. నేను మిమ్మల్ని అలా చూడను, చిన్న విషయమని కూడా అనను. ఆవిడ గీరినప్పుడు, ప్రమాదం లేదనుకుంటే, తడి పక్క అలాగే వదిలేసి ఐదు నిమిషాలు వరండాలోకి వెళ్ళిపోండి. తడిలో ఐదు నిమిషాలుంటే ఆవిడకేం కాదు. ఇంకోటి, ఉన్నట్టుండి రాత్రిళ్ళు గొడవ ఎక్కువైతే మూత్రపరీక్ష చేయించండి. పెద్దవాళ్ళకి మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం లేకుండానే మతి చెదిరిపోవచ్చు. దాన్ని డిమెన్షియా (మతిమరుపు జబ్బు, అల్జీమర్స్ అందులో ఒక రకం) ముదిరిందనుకుని నెలలు గడిపేసిన ఇళ్ళు చూశాను.

సీమపిల్ల గారూ, మీ కోపం న్యాయమే. నిద్ర లేదంటే నిద్రమాత్ర, ఇదీ మా దగ్గర జరిగే పెద్ద తప్పు. "రాత్రి రెండుసార్లు లేచి మా అమ్మని చూసుకోవాలి, మత్తు వచ్చేది వద్దు" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. దిగులుకి మత్తు అంతగా తేని మందులు ఉన్నాయి. అసలు అందరికీ మందులు అక్కర్లేదు కూడా. సైకియాట్రిస్టు మందు రాస్తారు, క్లినికల్ సైకాలజిస్టు కూర్చోబెట్టి మాట్లాడతారు, మాలాంటివాళ్ళం ఇంటి సంగతులు చూస్తాం: ఎవరు ఎప్పుడు కూర్చోవాలి, అన్నదమ్ములతో ఎలా మాట్లాడాలి, తాళం ఎక్కడ పెట్టాలి. మీరు మొదటివారిని చూసి వచ్చేశారు. మిగతావాళ్ళు ఉంటారని మీకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు చీటీ సంగతి, ఈ చర్చ మొదలైందే దానితో కదా. ఆస్పత్రిలో మనిషి అంటే చీటీ. మీ అత్తగారి చీటీ మీద మీ నిద్ర గురించి రాయడానికి గడి లేదు. న్యూరో ఓపీలో పక్కన నిలబడ్డ కోడలు మాకు "అటెండరు", సెలైన్ స్టాండు పట్టుకునే మనిషి. ఆ డాక్టరుగారు మిమ్మల్ని ప్రశ్న అడగడమే పెద్ద విషయం. చూసుకునేవాళ్ళ మీద ఎంత భారం పడుతోందో కొలవడానికి జారిట్ ప్రశ్నావళి అని ఒకటుంది, 22 ప్రశ్నలు. "మీ కోసం మీకు సమయం దొరకట్లేదని అనిపిస్తుందా", "ఆవిడ దగ్గర ఉంటే కోపం వస్తుందా", ఇలాంటివి. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు, మొత్తం 88. పావుగంట పని. చేసేవాళ్ళు తక్కువ.

సిగ్గు, పరువు ఉన్నాయి, కాదనను. కానీ రాకపోవడానికి అదొక్కటే కారణమని సెమినార్లలో చెప్పేస్తుంటారే, అది మాకు అనుకూలమైన సమాధానం. తప్పు జనం మీదికి పోతుంది. ఓపీ పొద్దున్నే ఉండటం, ఇంట్లో కూర్చునే మనిషి లేకపోవడం, వచ్చినవాళ్ళకి మూడు నిమిషాలు... ఇవి మా తప్పులు.

గోవాలో ఒక ప్రయత్నం చేశారు, 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. డిమెన్షియా మనిషి ఉన్న 81 కుటుంబాలు. ఎవర్నీ ఆస్పత్రికి పిలవలేదు. కొద్దిపాటి శిక్షణ ఇచ్చిన స్థానికులే ఇళ్ళకెళ్ళి, జబ్బేంటో చెప్పి, స్నానం దగ్గర గొడవని ఎలా తప్పించాలో చూపించి వచ్చారు. చూసుకునేవాళ్ళ మనసు కుదుటపడింది. లండన్‌లో "స్టార్ట్" అని ఇంకోటి, 2013లో వచ్చింది, ఎనిమిది సిట్టింగులు. నడిపింది సైకాలజీ చదివిన కుర్రాళ్ళు, పెద్ద డాక్టర్లు కాదు. దిగులు తగ్గింది. మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో లెక్క వచ్చింది. అంతమందిని చూసుకునేవాళ్ళందర్నీ పొద్దున్న తొమ్మిదింటికి లైన్లో నిలబెట్టడం అయ్యే పనేనా?

శీను గారూ, మీ క్వార్టర్ గురించి విడిగా మాట్లాడదాం. తిట్టను.

డల్లాస్_బాబు | జూలై 10, ఉదయం 8:31

ఇంత కష్టపడే బదులు మంచి హోమ్‌లో పెట్టొచ్చు కదా. ఇప్పుడు హైదరాబాద్‌లో డిమెన్షియా వాళ్ళకే ప్రత్యేకంగా ఉన్నాయి. మనం ప్రాక్టికల్‌గా ఆలోచించం, సెంటిమెంట్ ఎక్కువ. మా అమ్మకి నెలకి ఎంత కావాలంటే అంత పంపిస్తానని మా చెల్లికి చెప్పాను, తనే వినదు.

గోదారిగట్టు_కోడలు | జూలై 10, మధ్యాహ్నం 1:55

బాబుగారూ, మీ చెల్లెలుగారు ఎందుకు వినట్లేదో అడిగారా, లేక చెప్పి ఫోను పెట్టేశారా? మా మరిదిగారూ మీలాగే. వాట్సాప్‌లో వీడియో కాల్ చేస్తే ఆ పది నిమిషాలూ అత్తగారు చక్కగా "తిన్నావా నాన్నా" అంటారు. "అమ్మ బానే ఉందిగా వదినా, నువ్వు ఎక్కువ ఊహించుకుంటున్నావు" అంటాడు. ఆ మాట విన్న రోజు నాకు ఏ డాక్టరూ అక్కర్లేదనిపిస్తుంది, ఒక సాక్షి ఉంటే చాలనిపిస్తుంది.

సీమపిల్ల | జూలై 10, మధ్యాహ్నం 2:10

సాక్షి అనే మాట కరెక్టుగా చెప్తివక్కా.

మోడరేటర్ | జూలై 10, మధ్యాహ్నం 3:00

మందుల పేర్లు, డోసులు, ఆస్పత్రుల మీద ఫిర్యాదులు పేర్లతో పెట్టొద్దు. రెండు పోస్టులు తీసేశాం. మిగతాది కొనసాగించండి.

డల్లాస్_బాబు | జూలై 11, ఉదయం 7:12

నిన్న రాసింది చదువుకుంటే నాకే బాలేదు. క్షమించండి.

ఒక నిజం చెప్తాను. అమ్మ గురించిన గిల్ట్‌తో నేను ఇక్కడ ఏడు నెలలుగా థెరపిస్టు దగ్గరికి వెళ్తున్నాను. కంపెనీ ఇన్సూరెన్స్ కట్టేస్తుంది. మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో, లాప్‌టాప్‌లోనే. విజయవాడలో అమ్మకి డైపర్ మార్చే మా చెల్లికి ఒక్క గంట లేదు. చూసుకోనివాడికి కౌన్సెలింగ్, చూసుకునేదానికి సలహా. నిన్న రాత్రి దానికి ఫోన్ చేసి, డబ్బు మాట ఎత్తకుండా అమ్మ గురించి అడిగాను. గంటన్నర మాట్లాడింది. అందులో నలభై నిమిషాలు తిట్టింది.

లెస్టర్_వదిన | జూలై 11, సాయంత్రం 6:44

సర్వీసులుంటే అందరూ వెళ్ళిపోతారనుకోకండి. నేను ఇంగ్లండులో ఉన్నాను. మామయ్యగారికి వాస్కులర్ డిమెన్షియా, మెదడుకి రక్తం సరిగ్గా అందక వచ్చే రకం. ఇక్కడ 2014 కేర్ యాక్ట్ ప్రకారం, చూసుకునే మనిషికి ఏం అవసరమో కౌన్సిల్ వాళ్ళు విడిగా కనుక్కోవాలి, అది మన హక్కు. మాట్లాడే థెరపీకి డాక్టరు రాయకపోయినా మనమే పేరు ఇచ్చుకోవచ్చు. ఫ్రిజ్ మీద కరపత్రాలు అయస్కాంతం పెట్టి మరీ అంటించాను. రెండేళ్ళు వెళ్ళలేదు.

భయం. "చేతకావట్లేదు" అని ఒప్పుకుంటే మామయ్యని తీసుకెళ్ళి హోమ్‌లో పెట్టేస్తారని. గుడిలో కలిసే నలుగురూ ఏమంటారోనని. ఆఖరికి వెళ్తే ఇంకో తమాషా. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే హిందీ ఆవిడని పంపారు. నాకొచ్చిన హిందీలో "గుండె బరువుగా ఉంటోంది" అన్నాను. ఆవిడ అది గుండెనొప్పి అని చెప్పింది. అదే రోజు నన్ను ఈసీజీకి పంపారు. ఈసీజీ బ్రహ్మాండంగా వచ్చింది, ఆరోగ్యంగా ఉన్నావు పొమ్మన్నారు.

రెండోసారి నా ఇంగ్లీషు నేనే మాట్లాడుకున్నాను, వ్యాకరణం పోతే పోయిందని. ఫోన్లో థెరపిస్టుతో ఎనిమిది వారాలు. మొదటి రెండు వారాలు నా మనసు గురించే అడిగితే విసుగొచ్చింది. మూడో వారం, మామయ్య ఒకే ప్రశ్న నలభైసార్లు అడుగుతారని చెబితే, ప్రశ్నకి కాకుండా ఆయన భయానికి జవాబు చెప్పి చూడమంది. "బ్యాంకు పాస్‌బుక్ ఏది?" అంటే "బీరువాలో ఉంది" అనకుండా "మీ డబ్బు భద్రంగా ఉంది మామయ్యా" అనాలట. నలభై కాస్తా పన్నెండుకి దిగింది. అప్పట్నుంచీ ఒక్క వారం మానలేదు.

నల్గొండ_శీను | జూలై 11, రాత్రి 8:30

ఇది మంచిగుంది వదినా. నేను ఒకటి కనిపెట్టిన, ఎవలు చెప్పలే. నాయిన తానానికి రాకపోతే, విజిల్ ఊది "రైట్ రైట్" అంట. లేస్తడు, నడుస్తడు. బాత్రూం కాడ "స్టేజీ వచ్చింది, దిగుండ్రి" అంట. దిగుతడు. మస్తు నవ్వుకుంటం మా ఇంట్ల. కని తానం వోసినంక బయటికొచ్చి ఒక్కన్నే కూసున్నప్పుడు ఏడుపు ఎందుకొస్తదో తెల్వది.

రాత్రి_డ్యూటీ | జూలై 12, తెల్లవారుజాము 3:37

నేను ఇంటి మనిషిని కాదు. హైదరాబాదులో ఏజెన్సీ తరఫున ఇలాంటి పెద్దోళ్ళ దగ్గర రాత్రి డ్యూటీ చేస్తాను, పన్నెండు గంటలు. ఏడేళ్ళలో నలుగురు నా చేతుల్లోనే పోయారు. ఒకావిడ రెండేళ్ళు నన్ను కూతురనుకుంది. ఆవిడ పోయిన రోజు సాయంత్రానికి ఏజెన్సీవాళ్ళు కొత్త అడ్రసు పంపారు. మీరంతా మాట్లాడుకుంటుంటే చదువుతున్నాను, అంతే. ఇక్కడ పెద్దాయన లేచారు, ఉంటాను.

సోషల్‌వర్కర్_హైద్ | జూలై 12, ఉదయం 9:15

రాత్రి_డ్యూటీ గారూ, నేను పైన అంత రాసి మీ గురించి ఒక్క ముక్క రాయలేదు. 14416 మీకూ పనిచేస్తుంది, ఏజెన్సీకి తెలియనక్కర్లేదు. మళ్ళీ రాయండి.

గోదారిగట్టు_కోడలు | ఆగస్టు 2, రాత్రి 11:20

వెళ్ళొచ్చాను.

మూత్రపరీక్షలో నిజంగానే ఇన్ఫెక్షన్ బయటపడింది, ముందు అది చెప్పాలి. మందు వాడాక రాత్రిళ్ళు గీరడం తగ్గింది. తగ్గగానే నాకనిపించింది, ఇంక నాకేం అక్కర్లేదులే అని. ఇదిగో, వెళ్ళకపోవడానికి ఇదో కారణం, ఎవరూ రాయలేదు. కాస్త ఊపిరాడితే అవసరం తీరిపోయిందనిపిస్తుంది, ఊపిరాడనప్పుడు కదిలే వీలుండదు.

మా ఆడపడుచుకి ఫోన్ చేసి గురువారం పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా వచ్చి కూర్చోమన్నాను. ఎందుకని అడిగింది. పంటి డాక్టరు దగ్గరికి అన్నాను. అవును, అబద్ధమే.

కౌంటర్లో అబ్బాయి తలెత్తకుండా "పేషెంటు పేరు?" అన్నాడు. అలవాటుగా అత్తగారి పేరు చెప్పేశాను. సగం టైపు చేశాక "కాదు బాబూ, ఉండు" అని నా పేరు చెప్పాను. "మరి పేషెంటు ఏరండీ?" "నేనేనయ్యా." అప్పుడు తలెత్తి చూశాడు. ఏం చూడాలనుకున్నాడో మరి, జాకెట్టు మీద ఇస్త్రీ కూడా బానే ఉంది.

లోపల డాక్టరమ్మ. సోషల్‌వర్కర్ గారు చెప్పినట్టే మొదటి మాటే "రాత్రి లేవాలి, మత్తు వద్దు" అన్నాను. ఆవిడ కలం కింద పెట్టేశారు. పాతిక నిమిషాలు పట్టింది. మణికట్టు సంగతి చెప్పాను. ఆవిడ మొహంలో ఏమీ మారలేదు, "తర్వాత మళ్ళీ జరిగిందా?" అని మాత్రం అడిగారు. లేదన్నాను. మందు ఇప్పుడే వద్దు, మూడు వారాలు చూద్దాం, సైకాలజిస్టుతో కూర్చోండి అన్నారు. ఇంకా ఏదో మారిపోయిందని చెప్పలేను. బయటికొచ్చి ఒక్కదాన్నే చెరుకురసం తాగాను, చేతిలో సంచీ లేకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. గ్లాసు అయిపోయాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను.

మావారికి చీటీ చూపించాను. చదివి మడతపెట్టి, "ఎంత తీసుకున్నారు?" అన్నారు. అంతకుమించి రాలేదు. అయితే ఆ రాత్రి రెండింటికి అత్తగారి దగ్గరికి ఆయనే లేచారు. పక్కగుడ్డ ఎక్కడుంటుందో తెలియక నన్ను లేపారు లెండి.

మళ్ళీ 21న రమ్మన్నారు. ఆడపడుచుకి రెండో పన్ను ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను.

మాస్టారు_తెనాలి | ఆగస్టు 3, ఉదయం 5:50

రూట్ కెనాల్ అని చెప్పమ్మా. నాలుగైదు సిట్టింగులు అడుగుతారు, అనుమానం రాదు.

నల్గొండ_శీను | ఆగస్టు 3, రాత్రి 9:05

సోషల్ వర్కర్ మేడమ్, గా 14416కు తాగినంక చేస్తే మాట్లాడుతరా?

సోషల్‌వర్కర్_హైద్ | ఆగస్టు 3, రాత్రి 9:11

మాట్లాడతారు. తాగామని కూడా చెప్పండి. ఇంకా సీసా మూత తియ్యకపోతే ఇప్పుడే చెయ్యండి.

నల్గొండ_శీను | ఆగస్టు 3, రాత్రి 9:14

తీసిన. తాగలే ఇంక. చేస్తున్న, ఉండుండ్రి.